గొంతుకి సెలవు

ఆ ఏడాది బడి తెరిచిన రోజునే లెక్కల మాష్టారికి బదిలీ అయింది. ఆయన అందరితో వీడ్కోలు ఫొటో తీయించుకుంటూ ఉండగానే హెడ్మాస్టరుగారు మెల్లగా జరిగి సైన్సు టీచరు పక్కకి చేరారు. ఫొటోకి నవ్వుతూనే, పెదవులు కదపకుండా, "మీరైతేనే అవుతుందమ్మా" అన్నారు.

ఆ మాట ఎవరి చెవిన పడితే వాళ్ళ నెత్తిన ఏదో ఒకటి పడుతుందని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. అందుకే ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకోగానే ఒకరు చాక్‌పీసులు వెతుక్కుంటారు, ఒకరు నీళ్ళ సీసా నింపుకోవడానికి లేస్తారు, డ్రాయింగు టీచరైతే ఉన్నపళంగా కళ్ళు మూసుకుని తలనొప్పి తెచ్చుకుంటుంది. సైన్సు టీచరు ఒక్కతే అక్కడే కూర్చుని, ఆయన వాక్యం పూర్తి చేయకముందే "సరే సార్" అనేస్తుంది. అనేశాక నాలుక కరుచుకుంటుంది. అదొక రోగం ఆమెకి.

అలా తొమ్మిదో తరగతి లెక్కలు ఆమెవయ్యాయి. తర్వాత లైబ్రరీ తాళంచెవి వచ్చింది. ఆటల సారు కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కితే ఆయన విజిలు వచ్చింది. కంప్యూటర్లో హాజరు ఎక్కించే పని వచ్చింది. సొంత పాఠాలు ఎలాగూ ఉన్నాయి. వాటిలో పదో తరగతి ఉంది, ఆ పిల్లలకి పెద్ద పరీక్షలున్నాయి. వాళ్ళ గదేమో రోడ్డు పక్కన. కిటికీ మూస్తే ఉక్కపోత, తెరిస్తే బస్సుల హారన్లు. ఆమె హారన్ల మీదుగా అరిచి పాఠం చెప్పేది. టైము చాలదు కాబట్టి ప్రశ్న అడిగి, పిల్లలు తలెత్తేలోగా జవాబూ తనే చెప్పేసి, తర్వాతి ప్రశ్నకి పోయేది. అడిగేదీ ఆమే, చెప్పేదీ ఆమే. పిల్లలు చెయ్యాల్సిందల్లా రాసుకోవడం.

సాయంత్రం ఇల్లు చేరేసరికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఇంట్లో గువ్వ ఉండేది. అసలు పేరు వేరే ఉందిగాని ఆ పేరుతో ఎవరూ పిలవరు. రెండేళ్ళు నిండి ఆర్నెల్లు కావస్తోంది. అల్లరికేం లోటు లేదు. బీరువా తలుపు పట్టుకుని వేలాడుతుంది, బామ్మ కళ్ళజోడు బియ్యం డబ్బాలో దాస్తుంది, నాన్న చెప్పులేసుకుని వీధిలోకి బయల్దేరుతుంది. నోట మాత్రం ఒక్క మాట లేదు. అమ్మ అనదు, నాన్న అనదు. కావలసినదాని వైపు వేలు చూపించి "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" పూర్తయ్యేలోగా బామ్మ ఆ వస్తువు చేతిలో పెట్టేస్తుంది. పక్కింటి పిల్ల గువ్వకంటే చిన్నది. అది వాళ్ళ నాన్నని ఏకంగా పేరు పెట్టి పిలుస్తోంది. ఆ పిలుపు గోడ అవతల నుంచి వినబడిన ప్రతిసారీ సైన్సు టీచరు చేస్తున్న పని ఆపి గువ్వ వైపు చూసేది.

ఆమెకి లోలోపల ఒక భయం ఉంది. ఎవరితోనూ అనలేదు. తను పొద్దుటి నుంచి పరాయి పిల్లలందరికీ మాటలు పంచేసి సొంత పిల్ల దగ్గరికి ఖాళీ గొంతుతో వస్తోంది. ఇక పిల్ల మాట ఎక్కణ్ణుంచి నేర్చుకుంటుంది?

ప్రీఫైనల్ పరీక్షలు దగ్గర పడుతుండగా ఒక శనివారం, గొంతులోంచి కీచుమని ఒక శబ్దం వచ్చి ఆగిపోయింది. ఆమె భర్తకి మోటార్లు, మిక్సీలు బాగుచేసే షాపుంది. ఆయన ఆ శబ్దం విని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"కాలిపోయే ముందు మోటారు ఇలాగే కూస్తుంది. ఇక నడిపితే లాభం లేదు. పద, డాక్టరు దగ్గరికి పోదాం."

చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ ఆమె నోట్లోకి లైటు వేసి చూసి పెదవి విరిచింది.

"రోజుకి ఎన్ని పీరియడ్లు చెప్తారు?"

సైన్సు టీచరు నోరు తెరిచేలోగా భర్తే చెప్పాడు. "ఎన్నుంటే అన్నీ అండి. మిగిలితే పక్కవాళ్ళవి కూడా."

"ఇక వారం రోజులు మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు, గుసగుస గొంతుని ఇంకా ఎక్కువ పిండేస్తుంది. ఎల్లుండి కాకుండా ఆ పై సోమవారం పొద్దున్నించి మెల్లగా మొదలుపెట్టొచ్చు. అరుపులు మాత్రం ఇక మానేయండి. వినకపోతే ఉన్న గొంతు కూడా పోతుంది."

సైన్సు టీచరు తల ఊపింది గాని ఆమె ధ్యాస తన గొంతు మీద లేదు. వెంట వచ్చిన అత్తగారి ఒళ్ళో ఉన్న గువ్వ మీద ఉంది. ఆమె మోచేత్తో పొడిస్తే భర్త అర్థం చేసుకుని, పిల్లకి ఇంకా మాట రాలేదని చెప్పాడు. డాక్టరమ్మ గువ్వ చెవులు చూసింది, వెనక నుంచి గంట మోగించింది, చిటికెలు వేసింది. గువ్వ ప్రతిదానికీ తిరిగి చూసి నవ్వింది.

"చెవులు భేషుగ్గా ఉన్నాయి. నీ పేరేంటమ్మా?"

"గువ్వ అండి" అంది బామ్మ.

"ఏం ఆడుకుంటావు?"

"గిన్నెలండి. గిన్నెలంటే పడి చస్తుంది" అంది బామ్మ.

"పాలు తాగావా?"

"తాగిందండి, సగం వదిలేసింది" అంది బామ్మ.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "పెద్దమ్మగారూ, మీ గొంతుకి కూడా ఓ వారం సెలవిస్తే బాగుంటుంది" అంది. తర్వాత సైన్సు టీచరు వైపు తిరిగి గొంతు తగ్గించింది. "బడికి వేసవి సెలవులిచ్చేదాకా చూద్దాం. అప్పటికీ మాట రాకపోతే, మాటలు నేర్పించే ఆవిడ ఒకరున్నారు, ఆవిడ దగ్గరికి పంపిస్తాను."

దారి పొడవునా బామ్మ మూతి ముడుచుకునే ఉంది. "నేనేదో పిల్ల నోరు నొక్కేసినట్టు మాట్లాడుతుందే ఆవిడ. అడిగినదానికి జవాబు చెప్పడం కూడా తప్పేనా?" సైన్సు టీచరుకి మాత్రం డాక్టరమ్మ చివరన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. వేసవి సెలవులు ఎంతో దూరంలో లేవు.

సెలవు పెట్టమని భర్త అన్నాడు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. మిగిలిన కాసిని సెలవులూ గువ్వకి జ్వరం వస్తే పనికొస్తాయని దాచుకుంది. పైగా పదో తరగతికి గుండె పాఠం ఇంకా మొదలే పెట్టలేదు.

సోమవారం క్లాసులోకి వెళ్ళి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. "నాకు గొంతు లేదు. ఈ వారమంతా మీరే మాట్లాడాలి."

అందరికీ చదవడం వచ్చు. అయినా మొదటి బెంచీ పిల్ల లేచి గట్టిగా చదివి వినిపించింది. ఆ పిల్లని క్లాసంతా మైకు అంటారు. గుసగుసగా చెప్పినా వరండా చివరికి వినబడుతుంది.

"టీచర్, నిజంగానా? తిట్టడానికి కూడా రాదా?" అని అడిగింది మైకు.

సైన్సు టీచరు తల అడ్డంగా ఊపింది. క్లాసులో ఒక ఆనందం పొంగబోయింది. ఆమె డస్టరుతో బల్ల మీద టక్కుమని కొట్టింది. పొంగు ఆగిపోయింది. బోర్డు మీద కింద గీత గీసి ఒప్పందం రాసింది. బల్ల మీద కొడితే నిశ్శబ్దం. వేలు గుండ్రంగా తిప్పితే మళ్ళీ చెప్పాలి. చెవి దగ్గర అరచెయ్యి పెడితే గట్టిగా చెప్పాలి.

తర్వాత గుండె బొమ్మ వేసి ఒక ప్రశ్న రాసింది. "గుండెకి ఇన్ని గదులెందుకు? ఒక్కటి చాలదా?"

రాసి, ఇటు తిరిగి నిలబడింది.

మామూలుగా అయితే ఈపాటికి జవాబు కూడా అయిపోయి ఉండేది. నోట్లో జవాబు కదులుతూనే ఉంది, పళ్ళు బిగపట్టి ఆపుకుంది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. బయట ఒక బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు, పుస్తకాల్లోకి చూశారు, ఆమె వైపు చూశారు. ఆమె కదల్లేదు. ఇంత సేపు ఏమీ చెప్పకుండా క్లాసులో నిలబడటం ఆమెకి ఎప్పుడూ తెలియదు. చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా పాలుపోలేదు.

అప్పుడు గోడ వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. ఆ అబ్బాయి ఎప్పుడూ గోడకి ఆనుకునే కూర్చుంటాడు కాబట్టి గోడ అని పేరు పెట్టారు. అతను ఏదో అన్నాడు. ఏమన్నాడో అతని చొక్కాకైనా వినబడి ఉండదు.

సైన్సు టీచరు చెవి దగ్గర అరచెయ్యి పెట్టింది.

"గట్టిగా" అని వెనక బెంచీలన్నీ ఒక్కసారి అన్నాయి. వాళ్ళకి ఆ అవకాశం దొరకడం అదే మొదటిసారి.

గోడ గొంతు పెంచాడు. "మా ఇంట్లో తాగే నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఒకే గొట్టంలో వస్తే తాగుతామా టీచర్? అందుకని వేరు వేరు గదులు."

సైన్సు టీచరు చేతిలో చాక్‌పీసు విరిగిపోయింది. ఇన్నేళ్ళుగా తను చెబుతున్నదానికంటే అది బాగుంది. ఈ ఏడాదంతా ఆ పిల్లాడి గొంతు తను వినలేదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి మాత్రమే ఎత్తేవాడు. ఆమె వేలు గుండ్రంగా తిప్పింది. మళ్ళీ చెప్పమని. అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి నిటారుగా నిలబడి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి గువ్వ నీళ్ళ గ్లాసు వైపు వేలు చూపించి "ఊఁ" అంది. ఆమె చెయ్యి అలవాటుగా గ్లాసు మీదికి పోయి మధ్యలో ఆగింది. ఏమనుకుందో ఏమో, గువ్వ ముందు గొంతుక్కూర్చుని చెవి దగ్గర అరచెయ్యి పెట్టింది.

గువ్వ కళ్ళు ఇంతలు చేసుకుని చూసింది. తర్వాత తన చిన్న అరచెయ్యి తీసి తన చెవి మీద కూడా పెట్టుకుంది. తల్లి నవ్వింది. గువ్వ కిలకిలా నవ్వింది. ఇద్దరూ చెవులు పట్టుకుని ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

"మంచినీళ్ళే కదమ్మాయ్, ఎందుకలా ఉసురు పెడతావు దాన్ని?" అంటూ బామ్మ వచ్చి గ్లాసు గువ్వ చేతిలో పెట్టేసింది. "దా నా తల్లే, మీ అమ్మకి బళ్ళో ఆటలు చాలక ఇంట్లో కూడా మొదలెట్టింది."

మాట రాలేదు. కాని ఆట మిగిలింది. మర్నాటి నుంచి గువ్వ ఏం కావాలన్నా ముందు చెవి మీద చెయ్యి పెట్టుకుని తల్లి ముఖంలోకి చూసేది.

బడిలో బుధవారానికి గుండె బోర్డు మీంచి నేల మీదికి దిగింది. ఎవరి బుర్రలో పుట్టిందో తెలియదు గాని, బెంచీలు జరిపి నాలుగు గదులు కట్టారు. వరండా ఊపిరితిత్తులైంది. నీలం మూత పెన్ను పట్టుకున్నవాళ్ళు చెడు రక్తం, వరండాలోకి వెళ్ళి ఎర్ర మూత పెన్ను తీసుకుని వస్తే మంచి రక్తం. గదికీ గదికీ మధ్య కవాటాలుగా ఇద్దరిద్దరు నిలబడ్డారు, వచ్చినవాళ్ళని ముందుకి తోస్తారు తప్ప వెనక్కి రానివ్వరు. మైకు ఒక కవాటం. గోడ బల్ల మీద లబ్ డబ్ అని దరువు వేస్తున్నాడు. సైన్సు టీచరు పక్కన నిలబడి, దారి తప్పినవాళ్ళని చూసి వేలు గుండ్రంగా తిప్పుతోంది. ఆమె ఒళ్ళంతా నవ్వే. శబ్దం మాత్రం లేదు.

సరిగ్గా అప్పుడు హెడ్మాస్టరుగారు గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, వార్షికోత్సవానికి నాటిక ఒకటి వేయించాలి. మీరైతేనే..."

"సార్, గుమ్మంలో నిలబడకూడదు, అది సిర" అంది మైకు. ఎవరో ఆయన చేతిలో నీలం పెన్ను పెట్టారు. వెనకాల వస్తున్న చెడు రక్తం ఆయన్ని మొదటి గదిలోకి నెట్టింది.

"ఒరే, ఒరే, నన్నెక్కడికిరా?"

"ఊపిరితిత్తులకి సార్. మీలో ఆక్సిజన్ లేదు."

"నేను మళ్ళీ వస్తాను, తర్వాత..." అంటూ ఆయన వెనక్కి తిరగబోయారు. మైకు చేతులు అడ్డం పెట్టింది.

"వెనక్కి లేదు సార్. కవాటం."

హెడ్మాస్టరుగారు వరండాలోకి వెళ్ళి ఎర్ర పెన్ను తీసుకుని, ఎడమ గదుల గుండా నడిచి, బయటి గుమ్మం చేరేసరికి ఆయాసపడుతున్నారు. ముఖంలో మాత్రం ఎప్పుడూ లేని కళ వచ్చింది. సైన్సు టీచరు ఎదురుగా నిలబడి అసలు సంగతి గుర్తు చేసుకున్నారు.

"ఆఁ, నాటిక. మీరైతేనే అవుతుందమ్మా."

ఆమె నోరు "సరే"కి తెరుచుకుంది. గొంతు సెలవులో ఉంది. మూసుకుంది. ఆయన వైపు చూస్తూ ఊరుకుంది. తల ఊపవచ్చు. మెడ ఎందుకో కదల్లేదు.

ఆయన ఎదురుచూశారు. ఆ "సరే సార్" రాకపోయేసరికి, మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా తూలారు. "అంటే, మీకు గొంతు బాగోలేదు కదా. పోనీ తెలుగు మాష్టారు... ఆయన పోయినేడు వేయించారు. డ్రాయింగు టీచరు... ఆవిడకి తలనొప్పి." ఇంకా ఎదురుచూశారు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "సరే, నాటిక నేనే చూసుకుంటాలెండి. చిన్నప్పుడు రాజు వేషం కట్టినవాణ్ణే."

"గట్టిగా సార్" అన్నాయి వెనక బెంచీలు.

"రాజు వేషం కట్టినవాణ్ణే" అని ఆయన గట్టిగా చెప్పి, ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

స్టాఫ్ రూములో డ్రాయింగు టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మ దొంగా, ఇంత సులువా? నేనిన్నాళ్ళూ అనవసరంగా తలనొప్పులు పడ్డానే."

శనివారం ప్రత్యేక క్లాసు ఉంది. అదే రోజు బామ్మకి పన్ను పీకించుకునే పని పడింది. చాన్నాళ్ళుగా సలుపుతోంది, ఇక ఆగదంది. ఆవిడకి తోడు కొడుకు వెళ్ళాలి. గువ్వని చూసేవాళ్ళు లేరు. బెంచీ మీంచి పడితే? చాక్‌పీసు మింగితే? అంతమందిని చూసి జడుసుకుని, ఉన్న "ఊఁ" కూడా పోతే? సంచిలో రెండు జతల బట్టలు, పాల సీసా, బిస్కెట్లు, తుడుచుకునే గుడ్డ, దెబ్బ తగిలితే రాసే మందు పెట్టుకుని, పిల్లని చంకనెత్తుకుని బయల్దేరింది. బామ్మ నొప్పితో బుగ్గ పట్టుకుని కూడా గుమ్మం దాకా వచ్చి, "దానికి దాహమేస్తే చెప్పదు, నువ్వే కనిపెట్టుకోవాలి" అని జాగ్రత్తలు చెప్పింది.

గువ్వ జడుసుకోలేదు. టీచరు బల్ల మీద కూర్చోబెడితే కాళ్ళూపుకుంటూ అందరినీ చూసింది. పదో తరగతి పిల్లలు దానికి నీలం పెన్ను ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి ఇచ్చి మొత్తం గుండెకి దాన్నే యజమానిని చేశారు. ఆ రోజు ఒక్కొక్కరూ వచ్చి పాఠం చెప్పాలి. తడబడినవాళ్ళని మళ్ళీ చెప్పమని సైన్సు టీచరు వేలు గుండ్రంగా తిప్పేది. చెప్పేవాళ్ళ గొంతు సన్నబడినప్పుడల్లా చెవి దగ్గర చెయ్యి పెట్టేది. వెంటనే వెనక బెంచీలు "గట్టిగా" అనేవి. ఆమె చెయ్యి లేచినప్పుడల్లా గువ్వ చెయ్యి కూడా లేచేది. వెనక బెంచీల నుంచి ఆ అరుపు వచ్చినప్పుడల్లా దాని కళ్ళు మిలమిలా మెరిసేవి. మళ్ళీ ఎప్పుడంటారా అని ఆ వైపే చూసేది. రెండుసార్లు దాని పెదవులు కదిలాయి. సైన్సు టీచరు ఊపిరి బిగపట్టింది. రెండుసార్లూ ఆవులింతే.

మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి బామ్మ మంచం మీద కూర్చుని ఉంది. నోట్లో దూది, బుగ్గ బన్నులా పొంగి ఉంది. కోడల్ని చూడగానే చేతులతో ఏదో పెద్ద కథ చెప్పబోయింది. భర్త అనువదించాడు.

"పన్ను తేలిగ్గా ఊడి రాలేదట. దవడ కదపకూడదన్నారు. రేపంతా మాటలు వద్దన్నారు." ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంట్లో మాట్లాడే దిక్కు ఇక నేనొక్కణ్ణే. నేనా, ఆదివారం కూడా షాపుకి పోవాలి. ఒకాయనకి మోటారు బాగుచేసి ఇస్తానని మాటిచ్చాను."

బామ్మ అతని వీపు మీద ఒక్కటి వేసింది. అందులో మాటలన్నీ ఉన్నాయి.

ఆ ఆదివారం ఆ ఇల్లు ఎన్నడూ ఎరగనంత నిశ్శబ్దంగా గడిచింది. కుక్కరు విజిలే ఆ ఇంట్లో పెద్ద గొంతు. అత్తాకోడళ్ళిద్దరూ సైగలతో కూర తరిగారు, సైగలతో పోట్లాడుకున్నారు, ఉప్పు ఎక్కువైందని ఒకరు, సరిపోయిందని ఒకరు. మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే దవడ లాగి బామ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ కళ్ళు చూసి కోడలికి ఇంకా నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చుని అంత సేపు పని చేసింది లేదు. గువ్వ గిన్నెల మధ్య కూర్చుని అటూ ఇటూ చూస్తోంది. పక్కింటి వైపు నుంచి ఆ పిల్ల వాళ్ళ నాన్నని పేరు పెట్టి పిలవడం వినబడింది. సైన్సు టీచరు చెయ్యి కత్తిపీట మీద ఒక క్షణం ఆగింది. బామ్మ అది గమనించింది. దూది నోటితో ఏమీ అనలేక, కోడలి మోకాలి మీద చెయ్యి వేసి తట్టింది.

సాయంత్రం గువ్వ నీళ్ళ గ్లాసు వైపు వేలు చూపించి "ఊఁ" అంది. బామ్మ లేవబోయింది. కోడలి ముఖం చూసి, తిరిగి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తన చేతుల్ని తనే పట్టుకుంది. ఆవిడకది పన్ను పీకించుకోవడం కంటే కష్టంగా ఉన్నట్టు కనబడింది. ఇద్దరూ గువ్వ వైపు చూశారు. గువ్వ ఇద్దరి వైపు చూసింది. "ఊఁ" అంది మళ్ళీ. ఎవరూ లేవలేదు. ఇక చూసి చూసి, తనే నడిచి వెళ్ళి, స్టూలు జరుపుకుని, గ్లాసు అందుకుని, సగం నీళ్ళు గౌను మీద పోసుకుని తాగింది. తాగి, విజయగర్వంతో ఇద్దరి వైపూ తిరిగింది. బామ్మ నెత్తి కొట్టుకుంది. ఇంతదానికి ఇంతసేపు కూర్చున్నామా అని ఆ దెబ్బకి అర్థం.

సోమవారం పొద్దున లేవగానే భర్త అడిగాడు. "ఏం టీచరుగారూ, గడువు అయిపోయింది కదా, ఒకసారి స్విచ్చి వేసి చూడండి."

ఆమె తల అడ్డంగా ఊపింది. స్నానం చేసింది, వంట ముగించింది, చీర కట్టుకుంది, సంచి సర్దుకుంది. నోరు విప్పలేదు. భయం. విప్పితే మళ్ళీ ఆ కీచుశబ్దమే వస్తుందేమో. అసలేమీ రాదేమో. మొదటి మాట వృథా చేయకూడదనుకుంది. ఎవరికి ఖర్చు పెట్టాలో ఆమెకి తెలుసు.

చెప్పులేసుకుని గుమ్మం మెట్లు దిగింది. గుమ్మంలో బామ్మ గువ్వని ఎత్తుకుని నిలబడి ఉంది. బుగ్గ వాపు కాస్త తగ్గింది గాని నోట్లో మళ్ళీ కొత్త దూది పెట్టుకుంది, మాట ఇంకా కష్టంగానే ఉంది. భర్త స్కూటరు తుడుస్తున్నాడు. వీధిలో కూరల బండి ఆయన కేక వేసుకుంటూ వెళ్ళాడు. ఆ కేక దూరమయ్యేదాకా ఆగి, సైన్సు టీచరు ఇటు తిరిగి, ఊపిరి పీల్చుకుంది.

"గువ్వా, వెళ్ళొస్తా."

వచ్చింది. దారప్పోగంత సన్నగా, కాస్త గరగరగా, కాని వచ్చింది. భర్త గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

గువ్వ తల్లి ముఖంలోకి చూసింది. నుదురు ముడిచింది. తర్వాత మెల్లగా అరచెయ్యి తీసి చెవి మీద పెట్టుకుంది.

"గట్టిగా" అంది.

సైన్సు టీచరు చేతిలోంచి సంచి జారి మెట్ల మీద పడింది. టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ స్కూటరు చక్రం దాకా పోయింది. ఎవరూ తియ్యలేదు.

"ఏమందీ?" అన్నాడు భర్త.

జవాబు చెప్పాల్సింది బామ్మ. గువ్వని ఎవరేమడిగినా జవాబు ఆవిడదే. ఆవిడ నోరు తెరిచింది. నోరంతా మాటలున్నాయి, అవి దూది వల్ల ఆగలేదు, ఎందుకంటే దూది అప్పటికే జారి కింద పడిపోయింది. అయినా ఆవిడ ఏమీ అనలేదు. పెదవులు గట్టిగా మూసుకుని, గువ్వని కాస్త ముందుకి, తల్లి వైపుకి జరిపి పట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"గువ్వా" అని పిలిచింది సైన్సు టీచరు, దారం గొంతుతోనే.

"గట్టిగా" అంది గువ్వ. ఈసారి పదో తరగతి వెనక బెంచీ మొత్తం దాని గొంతులో ఉంది. అలాగే కాళ్ళు కూడా ఊపింది.

దూరం నుంచి బడి మొదటి బెల్లు వినబడింది. ఇన్నేళ్ళలో ఆ బెల్లు మోగేసరికి సైన్సు టీచరు గేటు దాటి లోపల లేని రోజు లేదు. భర్త స్కూటరు తాళం తిప్పబోయి ఆమె వైపు చూసి మానేశాడు.

గట్టిగా అనకూడదని డాక్టరమ్మ చెప్పింది. గట్టిగా అంటేగాని గువ్వ ఒప్పుకునేలా లేదు. సైన్సు టీచరు ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత చెప్పులు విడిచి, దిగిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కి, గువ్వ చెవి మీది అరచేతిని మెల్లగా తప్పించి, ఆ చెవికి పెదవులు ఆనించింది. అంత దగ్గర నుంచి చెబితే దారమంత గొంతు కూడా చాలు.

"వెళ్ళొస్తా" అంది.

చక్కిలిగింతకి గువ్వ మెడ ముడుచుకుని నవ్వింది. వేలు గాల్లో గుండ్రంగా తిప్పింది.

మళ్ళీ చెప్పమని. రెండో బెల్లు మోగుతూ ఉంది. సైన్సు టీచరు మళ్ళీ చెప్పింది.